అద్దె కుర్చీ

మూడు రోజులకోసారి, తెల్లవారుజామున నాలుగింటికి
మా ప్రోగ్రాం ఊపిరాడక పడిపోతుంది.
అడిగి అడిగి మెమరీ తీసుకుంటుంది,
తిరిగివ్వడం మర్చిపోతుంది.
ఎక్కడ మర్చిపోతోందో మాత్రం చెప్పదు.

సైదాబాద్‌లో మా గల్లీ, మూడో అంతస్తు బాల్కనీ.
ఒళ్లో లాప్‌టాప్, కాళ్ల చుట్టూ దోమలు.
తెర మీద తలకిందుల చెట్టు.
వేరు పైన, ఆకులు అడుగున,
ఒక్కో కణుపుకీ తెలిసింది
తన పిల్లల చిరునామాలే.

కింద, రాత్రి వలీమాకి వేసిన పందిరి విప్పుతున్నారు
నూర్ సప్లయింగ్ కంపెనీ వాళ్లు.
డేగ్‌లు ఇంకా చల్లారలేదు.
గులాబీ గుడ్డ మంచుకి బరువెక్కి
నడుమ కుండలా దిగింది.
ఉన్నది ఇద్దరే, జహంగీర్ మేస్త్రీ,
నిచ్చెన మీద సైదులు.
నిద్రమత్తులో సైదులు నడిగుంజ కట్టు మీద చెయ్యేశాడు.

"అరె ఆగురా! గుంజ ఇప్పితే గుడ్డ యాడ నిలుస్తది?
బల్బులు దించు మొదలు. ఎన్క వైరు. గుడ్డ.
గుంజ ఆఖర్కి.
దానికి ఏం యాలాడకుంట అయినంకనే."

నా వేళ్లు ఆగిపోయాయి.
నేను తండ్రి కణుపుని ముందు వదిలేస్తున్నాను.
తండ్రి పోయాక పిల్లల చిరునామా ఎవరిని అడగాలి?
వాళ్లు అక్కడే ఉంటారు చీకట్లో,
ఎవరి లెక్కలోనూ లేకుండా,
మీటర్ తిరుగుతూనే ఉంటుంది.

సైదులు బల్బులు దించాడు.
ఒక్కో ముడి విప్పే ముందు
తర్వాతి తాడు కొస పళ్ల మధ్య పట్టుకుంటున్నాడు.
అప్పుడు చేతిలోది వదులుతున్నాడు.
అది వాడికి ఎవరైనా చెప్పారా,
ఒకసారి కింద పడి నేర్చుకున్నాడా?

నేనైతే వదిలేసిన కణుపునే అడుగుతున్నాను,
"తర్వాత ఎటు?" అని.
ఒక్కోసారి అది సరిగ్గానే చెబుతుంది కూడా,
మనుషులు ఖాళీ చేసి పోయిన ఇంట్లో
గోడ మీద కాలెండర్ తేదీ చెప్పినట్టు.
ఎప్పుడూ తప్పు చెప్పేదైతే
ఎప్పుడో దొరికిపోయేది.

రెండు వరసలు అటూ ఇటూ మార్చాను.
కొస పట్టుకోవడానికి ఒక పేరు కొత్తగా పెట్టాను.
పళ్లు అని పెడదామనుకున్నాను. నవ్వుతారని మానేశాను.

ట్రాలీ పక్కన లెక్క మొదలైంది.
గంగాళాలు ఆరు. గరిటెలు పద్నాలుగు.
కుర్చీలు... మళ్లీ లెక్కపెట్టు.
"రెండొందల నలభై ఒచ్చినయ్.
రెండొందల ముప్పై తొమ్మిదే పోతున్నయ్.
ఒక్కటి తక్కువైనా సేటు నీ కూలీల పట్కుంటడు బిడ్డా."
సైదులు గల్లీ చివరిదాకా పరిగెత్తాడు.
మోరీలోకి వంగి చూశాడు. డీసీఎం కింద చూశాడు.

ఎందుకో వెనక్కి ఆనుకున్నాను.
ప్లాస్టిక్ కిర్రుమంది.
నీలం కుర్చీ. వీపు మీద తెల్లరంగుతో నూర్.

మొన్న మా కుర్చీ చక్రం ఊడింది.
మెట్ల కింద దొంతరలోంచి
ఒక్క రాత్రికే కదా అని పైకి తెచ్చుకున్నాను.
ఎవరికీ చెప్పలేదు. మర్చిపోయాను.
ఆ మరుపు మీదే కూర్చుని
రెండు రాత్రులుగా మరుపు ఎక్కడుందో వెతుకుతున్నాను.

మూడంతస్తులు దిగాను, కుర్చీ తల మీద పెట్టుకుని.
జహంగీర్ ఏమీ అడగలేదు.
చెవి మీది పెన్సిల్ తీసి
తొమ్మిదిని సున్నాగా దిద్దాడు, అంకె బొజ్జలోకి ఇంకో గీత వేసి
ముప్పైని నలభై చేశాడు.
సైదులు మాత్రం నన్నొకసారి చూసి
గుంజల గుంతల్లో ఇసుక పోస్తూ
మడమతో గట్టిగా నొక్కాడు.
పొద్దున ఏ స్కూటరూ
అక్కడ గుంజ ఉందనుకుని ఆగొద్దు,
ఏ కాలూ దిగబడొద్దు.

పైకొచ్చి నేనూ అదే చేశాను.
అన్నీ తిరిగిచ్చాక, వేరు కూడా పోయాక,
దాని పేరుని సున్నా చేశాను.
ఇక ఆ పేరు ఎటూ చూపించదు.

నాలుగూ పది.
తెర మీద గీత ఎక్కింది, దిగింది.
ఎక్కింది,
దిగింది.

తేలాలంటే ఇంకా మూడు రోజులు చూడాలి.
కూర్చోవడానికి ఏమీ లేదు.